స్నార్కెల్ ఉన్నది నీళ్ళకంటే దుమ్ముకే

నా ఫోర్స్ గూర్ఖా జీపుని పెట్రోల్ బంకులో ఆపినా, చింతపల్లి సంతలో ఆపినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, ముందు అద్దం పక్కనుంచి పైకప్పు దాకా లేచిన ఆ నల్లగొట్టాన్ని, అంటే ఇంజన్‌కి గాలి అందించే స్నార్కెల్‌ని, చూపించి ఒకటే అడుగుతారు. "ఇదుంటే ఎంత లోతు నీళ్ళలోకైనా దిగిపోవచ్చా అండీ?" దిగకూడదండీ అంటే నమ్మరు. గొట్టం మూతి అంత ఎత్తున ఉన్నప్పుడు బండి అంతవరకూ మునగొచ్చనే కదా అంటారు. బంకు దగ్గర నిలబడి చెప్పాలంటే టైమ్ చాలదు. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు కంపెనీలు చెప్పే అంకెలే చూద్దాం. గూర్ఖా షోరూమ్ నుంచే స్నార్కెల్‌తో వస్తుంది. దాని మూతి నేల నుంచి దాదాపు ఆరడుగుల ఎత్తులో ఉంటుంది. అయినా ఈ బండి ఇంత లోతు నీళ్ళ వరకే దిగొచ్చు అని కంపెనీ ఇచ్చిన అంకె 700 మిల్లీమీటర్లు. అంటే మామూలు ఎత్తున్న మనిషికి తొడ పైభాగం దాకా. స్నార్కెల్ లేని 2020 థార్‌కి మహీంద్రా ఇచ్చిన అంకె 650. రెండింటికీ తేడా రెండంగుళాలు. ఇప్పుడు మన దగ్గర అమ్మకంలో లేని ఫోర్డ్ ఎండీవర్‌కి స్నార్కెల్ లేదు, కానీ దాని అంకె 800. కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండర్‌ది 900. డిఫెండర్‌కి స్నార్కెల్ కావాలంటే అదనంగా డబ్బు కట్టి పెట్టించుకోవచ్చు, కానీ పెట్టించుకున్నా ఆ 900 అలాగే ఉంటుంది. మరెందుకు అమ్ముతున్నారంటే, దుమ్ము ఎక్కువుండే దారుల్లో ఇంజన్‌కి శుభ్రమైన గాలి అందడానికి అని కంపెనీయే చెప్తుంది.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే విషయం సగం తేలిపోతుంది. బండి ఎంత లోతుకి దిగొచ్చో స్నార్కెల్ ఒక్కటే నిర్ణయించదు. ఆ గొట్టం వల్ల నిజంగా వచ్చే లాభం ఎక్కడుందో నాకు బాగా తెలిసింది మా ఏజెన్సీ దారుల్లోనే.

నేనుండేది నర్సీపట్నంలో. కాఫీ, మిరియాలు, పసుపు కొంటాను. సరుకు పికప్ వ్యాన్లలో దిగుతుంది కానీ, తోటలు చూడ్డానికీ, రైతులతో మాట్లాడ్డానికీ, తూకాల రోజున దగ్గరుండడానికీ చింతపల్లి, గూడెం కొత్తవీధి (జీకే వీధి) మండలాల్లో తారు రోడ్డు అయిపోయాక ఇంకా లోపలికి నేనే పోతాను. వానాకాలంలో దారికి అడ్డంగా గెడ్డలు, అంటే కొండవాగులు. కాఫీ పళ్ళు కోతకొచ్చే నవంబర్ నుంచి, మిరియాలు, పసుపు అయ్యే మార్చి దాకా ఎర్రమట్టి దుమ్ము. నా పని ఎక్కువగా ఉండేది ఆ రెండో కాలంలోనే.

ఇంజన్ గాలి ఎంత పీలుస్తుందో చాలామంది ఊహించరు. గూర్ఖాది 2.6 లీటర్ల డీజిల్ ఇంజన్. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకోసారి తన కొలతంత గాలి లోపలికి తీసుకుంటుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే, గాలిని ఒత్తి లోపలికి తోసే టర్బోని పక్కన పెట్టినా, నిమిషానికి 2,600 లీటర్ల గాలి. టర్బో తోస్తుంటే ఇంకా ఎక్కువ. ఇంజన్ గాలి పీల్చే పైపు మూతి ఎక్కడుంటే అక్కడున్నవన్నీ గాలితోపాటు లోపలికి పోతాయి. చాలా బళ్ళలో అది హెడ్‌లైట్ వెనకో, ముందు మడ్‌గార్డ్ లోపలో ఉంటుంది. సరిగ్గా ముందు చక్రం బురదా దుమ్మూ ఎగజిమ్మే చోటు అది. స్నార్కెల్ చేసే పనల్లా ఆ మూతిని అక్కణ్ణుంచి పైకప్పు దగ్గరికి తీసుకుపోవడమే.

నీళ్ళ సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందరి భయం అదే, అందరి ఆశా అదే.

ఇంజన్‌లోకి నీళ్ళు పోతే ఏమవుతుంది? గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. గూర్ఖా ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ దాదాపు 650 సీసీ. డీజిల్ ఇంజన్లలో కంప్రెషన్ 17కి 1 దగ్గర ఉంటుందనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 40 మిల్లీలీటర్లు. పెద్ద చెంచాతో మూడు చెంచాలు కూడా కాదు. అంతకంటే ఎక్కువ నీళ్ళు ఒక్క సిలిండర్లో చేరినా పిస్టన్ పైదాకా రాలేదు. కానీ మిగతా సిలిండర్లు, ఫ్లైవీల్, కదిలే బండి బరువు అన్నీ కలిసి దాన్ని పైకి తోస్తూనే ఉంటాయి. అప్పుడు వంగేది కనెక్టింగ్ రాడ్. ఒక్కోసారి విరిగి బ్లాకుని చీల్చుకుని బయటికొస్తుంది. మెకానిక్కులు హైడ్రోలాక్ అనేది దీన్నే.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు మా పిన్ని కొడుకు కారు ఇంటి ముందే నీళ్ళలో ఉండిపోయింది. అది ఆగి ఉన్న బండి, ఇంజన్ తిరగడం లేదు కాబట్టి రాడ్డు వంగే అవకాశం అప్పటికి లేదు. నీళ్ళు తీశాక సర్వీసు వాళ్ళు పంపిన మనిషి వచ్చి, ఫిల్టర్ విప్పి చూడకుండానే సెల్ఫ్ కొట్టాడు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఇంజన్ విప్పితే ఒక రాడ్డు వంగి ఉంది. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోలేదు. క్లెయిమ్ వచ్చేసరికి, వరదలో తడిసిన సీట్లూ వైరింగూ ఒక లెక్క, తర్వాత సెల్ఫ్ కొట్టడం వల్ల పోయిన ఇంజన్ ఇంకో లెక్క అన్నారు. నీళ్ళలో మునిగిన బండికి స్నార్కెల్ ఉన్నా లేకపోయినా ముందు ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి చూడాలి. తడి కనబడితే డీజిల్ బండికి ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో, పెట్రోల్ బండికి స్పార్క్ ప్లగ్గులో తీసి, చేత్తో ఇంజన్ తిప్పి నీళ్ళు బయటికి పోనిచ్చాకే సెల్ఫ్. ఇది తెలిసిన మెకానిక్ దొరికేవరకు తాళం ఎవరికీ ఇవ్వకండి.

నీళ్ళ విషయంలో స్నార్కెల్ ఇచ్చే భరోసా ఈ ఒక్క ప్రమాదం గురించే. చిన్న భరోసా కాదది. గెడ్డ దాటుతున్నప్పుడు ముందు చక్రం కనబడని గోతిలో పడి ముక్కు ఒక్కసారిగా కిందికి దిగితే, నీళ్ళు బానెట్ మీదికి ఎగిసి హెడ్‌లైట్ వెనకున్న మూతిని ముంచేయడానికి ఒక్క క్షణం చాలు. 60 సెంటీమీటర్ల నీళ్ళలోనే అది జరగొచ్చు. అలాంటి క్షణంలో పైన మూతి ఉన్న బండి ఇంజన్ పోకుండా బయటపడుతుంది. అందుకే దాన్ని నేను లోతు పెంచేదిగా చూడను, ఆ క్షణం కోసం ఉన్న కాపుదలగా చూస్తాను.

లోతుకి అడ్డుపడేవి వేరే ఉన్నాయి. మొదటిది బండి తేలిపోవడం. నా బండి కింది భాగం ఇంచుమించు ఆరు చదరపు మీటర్లు అనుకోండి. నీళ్ళు బండి ఫ్లోర్ దాటాక, లోపలికి చేరనంతసేపు, పెరిగే ప్రతి పది సెంటీమీటర్లకీ ఆరువందల కిలోల బరువు నీళ్ళే మోసేస్తాయి. రెండు టన్నుల బండికి ఫ్లోర్ మీద ముప్పై సెంటీమీటర్ల నీళ్ళంటే టైర్లకి నేల మీద పట్టు దాదాపు లేనట్టే. ఫ్లోర్ నేల నుంచి అరమీటరు పైన ఉంటుంది కాబట్టి, కంపెనీ 700 అని ఎందుకు ఆగిందో ఈ లెక్కతోనే అర్థమవుతుంది. పైగా ఇది నిలకడ నీళ్ళ లెక్క. పారే నీళ్ళయితే అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని తోసేస్తుంది, రెండడుగులు దాటితే పెద్ద బళ్ళు కూడా కొట్టుకుపోతాయి.

ఆస్ట్రేలియాలో స్నార్కెల్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు చాలా కనబడతాయి. అక్కడ ఉత్తరాన కాకడు నేషనల్ పార్కు దగ్గర ఈస్ట్ ఆలిగేటర్ నది మీద కాహిల్స్ క్రాసింగ్ అని ఒక కాజ్‌వే ఉంది. సముద్రపు పోటు వచ్చినప్పుడల్లా దాని మీద నీళ్ళు పెరుగుతాయి, పక్కనే మొసళ్ళు. లోతు చూపే కొలబద్దలు పాతి ఉన్నా అక్కడ బళ్ళు కొట్టుకుపోతూనే ఉంటాయి, పైకప్పు దాకా స్నార్కెల్ ఉన్న ల్యాండ్ క్రూజర్లతో సహా. ఇంజన్‌కి గాలి అందుతూనే ఉంటుంది, బండి మాత్రం నేల వదిలేస్తుంది. అక్కడుంటున్న మనవాళ్ళు వీకెండ్‌లో అటు వెళ్ళేముందు పోటు టైమ్ చూసుకోవాలి.

రెండో అడ్డు, మన దగ్గర చాలామంది పట్టించుకోనిది, బ్రీదర్లు. చక్రాల మధ్య ఇరుసు గేర్లుండే ముందు హౌసింగ్, వెనక హౌసింగ్, గేర్‌బాక్స్, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, వీటన్నిటికీ లోపలి గాలి వేడెక్కి ఉబ్బినప్పుడు బయటికి పోవడానికి చిన్న గొట్టాలుంటాయి. ఘాట్ ఎక్కి వచ్చిన హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అది చల్లటి గెడ్డ నీళ్ళలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. బయట్నుంచి ఏదో ఒకటి లోపలికి లాక్కుంటుంది. బ్రీదర్ మూతి నీళ్ళలో ఉంటే ఆ లాక్కునేది నీళ్ళే, లేదంటే ఆయిల్ సీల్ అంచుల్లోంచి. వారం తర్వాత నట్టు విప్పితే హౌసింగ్‌లోని గేర్ల ఆయిల్ (క్రౌన్ ఆయిల్) పాలు కలిపినట్టు తెల్లగా వస్తుంది. బేరింగులకి అది విషం. స్నార్కెల్ మూతి ఆరడుగుల ఎత్తులో ఉండి బ్రీదర్ మూతి హౌసింగ్ మీదే ఉంటే, ఆ బండి నీళ్ళకి సిద్ధంగా ఉన్నట్టు కాదు. కొన్ని మీటర్ల రబ్బరు గొట్టం, నాలుగు క్లిప్పులతో అయిపోయే పని ఇది. స్నార్కెల్ కంటే ముందు ఇదే చేయించాలని ఎవరడిగినా చెప్తాను.

ఆల్టర్నేటర్, వైరింగ్ కనెక్టర్లు, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ, బెల్టు మీద తిరిగే ఫ్యాన్ ఇవన్నీ కూడా లోతుకి అడ్డుపడేవే. పాత జీపుల్లో ఫ్యాన్ రెక్కలు నీళ్ళని తోస్తూ ముందుకి వంగి రేడియేటర్‌ని కోసేసిన సందర్భాలు మా బాబాయ్ షెడ్డులో చూశాను.

గెడ్డ దాటే పద్ధతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. కిందటి ఆగస్టులో జీకే వీధి దాటాక ఒక గెడ్డ దగ్గర ఆగాను. ఎప్పుడూ దాటేదే. నీళ్ళు మోకాలి కిందికే ఉన్నాయి. కానీ రోజూ అడుగు రాళ్ళు కనబడేంత తేటగా ఉండేవి ఆ రోజు టీ రంగులో ఉన్నాయి, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. అవతలి గట్టు మీద పశువులు కాస్తున్న పెద్దాయన చెయ్యి ఊపి, "పైన వాన పడింది బాబూ, ఇప్పుడు దిగకు, ఉండు" అన్నాడు. ఉన్నాను. అరగంటలో నీళ్ళు నేను గుర్తు పెట్టుకున్న రాయిని ముంచేశాయి. సాయంత్రానికి మళ్ళీ దిగాయి. అప్పుడు ముందు నేను నడిచాను. చేతిలో కర్ర, కాళ్ళకి బూట్లు, ఒక్కో అడుగూ వేసే ముందు కర్రతో గుచ్చి అడుగు గట్టిగా ఉందో, గుండ్రాళ్ళు కదులుతున్నాయో చూసుకుంటూ. అవతలికి నడిచి, మళ్ళీ ఇంకో వరస పట్టుకుని వెనక్కి నడిచాను, ఎందుకంటే బండికి రెండు చక్రాల దారులుంటాయి. తర్వాత 4L (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే లో రేంజ్), రెండో గేరు, మనిషి నడిచే వేగం. మధ్యలో గేరు మార్చలేదు, క్లచ్ తొక్కలేదు. బంపర్ ముందు నీటి అల ఒకటి లేచి బండితోపాటే కదులుతుంటే, దాని వెనక బానెట్ కింద నీళ్ళు కాస్త తక్కువగా ఉంటాయి. వేగం పెంచితే ఆ అల మన మీదికే వస్తుంది, తగ్గిస్తే అల విరిగి లోపలికి వస్తుంది. ఒడ్డుకొచ్చాక బ్రేకులు ఆరేదాకా నెమ్మదిగా తొక్కుతూ కొంత దూరం పోయాను.

నేను నడిచి దాటలేని నీళ్ళలో బండి దింపను. నా స్నార్కెల్ ఆ నియమాన్ని ఒక్క అంగుళం కూడా మార్చలేదు.

ఇక దుమ్ము. చెప్పాలని కూర్చున్నది దీని గురించే.

మా బాబాయ్‌ది ట్రాక్టర్లు, డీజిల్ జీపుల షెడ్డు. స్నార్కెల్ గురించి ఆయన్నడిగితే మొదట చూపించేది ట్రాక్టర్‌నే. పాత ట్రాక్టర్ల బానెట్ మీద పైకి లేచిన గొట్టం, దాని నెత్తిన గుండ్రటి ప్రీ-క్లీనర్ ఉంటుంది కదా. గాలి అందులో సుడి తిరుగుతుంది, బరువైన దుమ్ము అంచుకి విసిరేసినట్టు పోయి పక్కన పడుతుంది, మిగిలిన గాలి కిందున్న ఆయిల్ బాత్ ఫిల్టర్‌కి పోతుంది. దుక్కి దున్నే ట్రాక్టర్‌ని ఎవరూ నడుం లోతు నీళ్ళలోకి దింపరు. అయినా గాలి పీల్చే మూతిని అంత ఎత్తున పెట్టారంటే అది పొలంలో లేచే దుమ్ము కోసమే. "మీ స్నార్కెల్ మా ట్రాక్టర్ నుంచి వచ్చిందేరా" అంటాడు బాబాయ్. చరిత్ర ప్రకారం అది అలాగే జరిగిందని నేననను కానీ, పని మాత్రం అదే పని.

మా దారుల్లో డిసెంబర్ దుమ్ము చూస్తే తెలుస్తుంది. ఎర్రమట్టి, మెత్తటి పిండిలాంటిది, ముందు పోయే పికప్ వెనక గోడలా లేస్తుంది. అందులో ఇసుక రేణువులుంటాయి. ఇసుక సిలికా, ఇనుము కంటే గట్టిది. ఫిల్టర్ దాటి కొంచెం లోపలికి పోయినా పిస్టన్ రింగుల్నీ సిలిండర్ గోడల్నీ గరుకు కాగితంతో రుద్దినట్టు అరగదీస్తుంది. అంతకంటే ముందు టర్బో రెక్కల అంచులు అరుగుతాయి. ఇంజన్ ఒక్కరోజులో పోదు, చప్పుడూ రాదు. నెమ్మదిగా ఇంజన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది, ఆయిల్ పోసే మూత తీస్తే పొగ వస్తుంది, ఘాట్‌లో లాగుడు తగ్గుతుంది. నీళ్ళ వల్ల పోయిన ఇంజన్ గురించి నలుగురూ చెప్పుకుంటారు. దుమ్ము వల్ల పోయిన ఇంజన్‌ని బండి పాతబడిపోయిందిలే అని వదిలేస్తారు. బాబాయ్ షెడ్డుకి అరిగిన సిలిండర్లు బోరు చేయించడానికి వచ్చే బళ్ళలో ఈ రెండో రకమే ఎక్కువ.

నాకు ఇంతకుముందున్న జీపు బానెట్ లోపల్నించే గాలి పీల్చేది. కాఫీ సీజన్లో దాని ఫిల్టర్ పెట్టె విప్పితే అడుగున ఎర్రమట్టి మేట వేసి ఉండేది, పేపర్ మడతల మధ్య సందు కూడా కనబడేది కాదు. అవే దారులు, అదే కాలం, గూర్ఖా పెట్టె విప్పితే మడతల మీద సన్నటి పొర. మేట లేదు. బరువైన దుమ్ము ఎక్కువగా కిందే తిరుగుతుంది, చక్రం ఎత్తులో ఉన్నంత పైకప్పు ఎత్తులో ఉండదు. ఫిల్టర్ పట్టుకోవాల్సిన దుమ్ము తగ్గితే ఫిల్టర్ మన్నిక పెరుగుతుంది, ఇంజన్ ఊపిరాడక లాగడం తగ్గుతుంది, దాటిపోయేదీ తగ్గుతుంది.

అలాగని పైన దుమ్మే ఉండదని కాదు. ముందు బండి తోకని పట్టుకుని పోతే ఆ మెత్తటి పొడి పైకప్పు దాటి లేస్తుంది. అప్పుడు ఏ స్నార్కెలూ కాపాడదు, ముందు బండికి దూరం ఇవ్వడమే దారి. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో అయితే స్నార్కెల్ మూతి తీసి దాని చోట ట్రాక్టర్ ప్రీ-క్లీనర్ లాంటిదే సుడి తిప్పే మూతి పెట్టుకుంటారు. మా దారులకి అంత అవసరం రాలేదు.

ఫిల్టర్ చూసుకోవడంలో ఒక చిన్న పరీక్ష ఉంది, దీన్ని మాత్రం తప్పకుండా చెయ్యండి. క్లిప్పులు తీసి ఫిల్టర్ బయటికి తీశాక, ఇంజన్ వైపు పోయే పైపు లోపల శుభ్రమైన వేలితో తుడవండి. వేలికి ఏమీ అంటకూడదు. ఎర్రగా కొంచెం అంటినా సరే, గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని పోతోందని. ఫిల్టర్ అంచు రబ్బరు సరిగా కూర్చోలేదు, లేదా పైపు ఎక్కడో చిట్లింది. దుమ్ము పట్టిన ఫిల్టర్‌కి బయటివైపు నుంచి గట్టిగా గాలి కొట్టకండి, పేపర్‌లో దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. కొడితే లోపలివైపు నుంచి, తక్కువ ప్రెషర్‌తో. అసలు కొత్తది వేసేస్తే ఇంకా మంచిది.

పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది అని అమ్మేవాళ్ళు చెప్పే మాటలకి పెద్దగా విలువివ్వక్కర్లేదు. బానెట్ లోపలి వేడిగాలి పీల్చే పాత బండికి బయటి చల్లగాలి అందితే కొంత తేడా ఉంటుంది. ఇప్పటి బళ్ళు ఎలాగూ బయటి గాలే పీలుస్తాయి, పైగా టర్బో తర్వాత ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటుంది.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. పైకి స్నార్కెల్‌లా కనబడేవన్నీ స్నార్కెల్ కాదు. మడ్‌గార్డ్‌కి అతికించి వదిలేసినవి చూశాను, లోపల ఎయిర్ బాక్స్‌తో, అంటే ఫిల్టర్ పెట్టెతో, కలపలేదు. ఇంజన్ పాత చోటే గాలి పీలుస్తోంది, బండాయన మాత్రం నీళ్ళలో ధైర్యంగా దిగుతున్నాడు. ఏమీ లేకపోవడం కంటే ఇది ప్రమాదం. సరిగా పెట్టిన దాంట్లో గొట్టం మూతి నుంచి ఎయిర్ బాక్స్ దాకా ఎక్కడా సందు ఉండదు. ప్రతి జాయింట్ దగ్గరా సీలెంట్, హోస్ క్లిప్. ఎయిర్ బాక్స్ అడుగున నీళ్ళు కారిపోవడానికి కంపెనీ వదిలిన చిన్న రంధ్రం ఉంటే దానికి ఒకవైపే తెరుచుకునే రబ్బరు వాల్వ్ ఉండాలి, లేకపోతే అక్కణ్ణుంచే నీళ్ళు ఎక్కుతాయి. మడ్‌గార్డ్‌కి హోల్ సా తో కోసిన అంచుకి ప్రైమర్, పెయింటు వెయ్యకపోతే రెండు వానలకి తుప్పు మొదలవుతుంది. తెలుసుకోవడం తేలిక. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా మందపాటి రబ్బరు షీటు ఒకటి మూతికి గట్టిగా అడ్డం పెట్టండి. ఇంజన్ వెంటనే ఊపిరాడక ఆగిపోబోవాలి. ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటే గాలి వేరే చోట నుంచి వస్తోంది. అక్కణ్ణుంచి నీళ్ళూ వస్తాయి. పల్చటి కవర్లు వాడకండి, లోపలికి లాగేస్తుంది.

ఇంకా చిన్న చిన్న సంగతులు. మారేడుమిల్లి వైపు వెదురు దారుల్లో కొమ్మలు స్నార్కెల్ తలకి తగులుతాయి, బ్రాకెట్ స్క్రూలు అప్పుడప్పుడూ చూసుకోవాలి. మూతి ముందుకి తిరిగి ఉంటే వానలో నీళ్ళు పోవా అని అడుగుతారు. మంచి తలకి వెనకవైపు సన్నటి గాట్లు ఉంటాయి, చుక్కలు గోడకి తగిలి అక్కణ్ణుంచి కారిపోతాయి. బండి కొన్నాళ్ళు కదలకుండా ఉంటే స్టార్ట్ చేసేముందు మూతి లోపల చూడండి. కందిరీగలకి మట్టిగూడు కట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

చట్టం సంగతి కూడా. కంపెనీ బిగించి ఇచ్చిన స్నార్కెల్‌కి ఏ ఇబ్బందీ లేదు. బయట పెట్టించుకునేది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి రావొచ్చు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదని అది చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ని గట్టిగానే సమర్థించింది. మడ్‌గార్డ్ కొయ్యకముందే ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ ఉన్న బండైతే డీలర్ దగ్గర కూడా.

తమ్ముడు ఈమధ్యే ఒక థార్ కొన్నాడు, కొన్న రోజు నుంచీ స్నార్కెల్ గోలే. కాగితం ఏమీ చేతికి రాలేదు కాబట్టి గొట్టం ఇంకా పెట్టలేదు. ఈలోపు బాబాయ్ బ్రీదర్లు నాలుగింటికీ పైపులు వేసి బానెట్ లోపల గోడ పైభాగం దాకా లాగి కట్టేశాడు, వెనక హౌసింగ్ ఆయిల్ విప్పి చూస్తే శుభ్రంగానే ఉంది. కాఫీ కోతలు మొదలయ్యేలోపు ఫిల్టరూ దాని అంచు రబ్బరూ మార్చాలి. వాడు నా వెనకే వస్తాడు కాబట్టి, నా దుమ్ములోంచి బయటపడేంత దూరం ఉంచుకుని నడపమని ముందే చెప్పాను.